షేర్‌పాయింట్‌లో ఫైలు పంచే ముందు

మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరుకు నేను మొదట 'మేనేజ్ యాక్సెస్' (ఒక ఫైలు ఎవరెవరికి తెరుచుకుంటుందో చూపే పెట్టె) ఎక్కడుందో చూపిస్తాను. 'షేర్' బటన్ గురించి ఆ తరువాతే చెబుతాను.

మాది విశాఖపట్నంలో నిర్మాణ డిజైన్లు చేసే సంస్థ. డ్రాయింగులు కాంట్రాక్టరుకు, కొలతల వివరాలు క్లయింటుకు, ఖాతాలు ఆడిటరుకు వెళ్లాలి. టెండరు అంచనాలు మాత్రం గడప దాటకూడదు. ఇవన్నీ మైక్రోసాఫ్ట్ 365లోనే ఉంటాయి. అందులో బృందాల ఫైళ్లు దాచే షేర్‌పాయింట్ చూసుకునే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఈ ఫైలును ఎవరెవరు తెరవగలరు? ఈ ప్రశ్నకు ఏ రోజైనా తడుముకోకుండా జవాబు చెప్పాలంటే పంచే పని ఎలా చేయాలో రాస్తున్నాను.

ముందు ఫైలు ఎక్కడుండాలో తేల్చండి

వన్‌డ్రైవ్ అనే ఫైళ్ల అర ఒక వ్యక్తి ఖాతాకు చెందినది, షేర్‌పాయింట్ సైటు బృందానిది. ఉద్యోగి మానేశాక ఖాతా తొలగిస్తే, వేరే ఏర్పాటు చేయకపోతే, ఆయన వన్‌డ్రైవ్ 30 రోజులే నిలుస్తుంది. ఈ గడువును అడ్మిన్ పెంచుకోవచ్చు. గడువు దాటాక మరో 93 రోజులపాటు అడ్మిన్ మాత్రమే దాన్ని వెనక్కి తేగలరు. ఆ తరువాత ఫైళ్లూ ఉండవు, వాటి లింకులూ పనిచేయవు. వంతెన డ్రాయింగు అలా ఒకరి సొంత అరలో ఉండిపోవడం నాకు అసలు నచ్చని విషయం. చిత్తుప్రతి ఎంతకాలమైనా వన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, రెండో మనిషి చేయి పడే రోజున ప్రాజెక్టు సైటులోకి చేర్చండి.

చాట్‌కు, సమావేశాలకు టీమ్స్ వాడేవాళ్లు ఇక్కడే పొరబడతారు. బృందమంతా మాట్లాడుకునే ఛానెల్‌లో పెట్టిన ఫైలు ఆ బృందం సైటులోకి వెళ్తుంది. చాట్‌లో పంపినది పంపినవారి వన్‌డ్రైవ్‌లో చేరుతుంది. కొందరికే తెరుచుకునే ప్రైవేట్ ఛానెల్‌కు విడిగా మరో సైటు తయారవుతుంది. కాబట్టి పెద్ద సైటులో ఎంత వెతికినా ఆ ఫైళ్లు కనిపించవు.

సైటును పంచడం

ప్రతి సైటులో మూడు గుంపులు సిద్ధంగా ఉంటాయి: ఓనర్స్, మెంబర్స్, విజిటర్స్. మొదటివారికి పూర్తి అధికారం, రెండోవారికి మార్చే హక్కు, మూడోవారికి చదివే హక్కు. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, రోజువారీ అవసరాలన్నీ ఈ మూడింటితోనే తీరిపోవాలి. ఫోల్డరుకో రకం అనుమతి ఇవ్వడం మొదలుపెడితే పై నుంచి వచ్చే అనుమతుల వరుస అక్కడ తెగిపోతుంది. తరువాత సైటులో కొత్తవారిని చేర్చినా ఆ ఫోల్డరు వారికి తెరుచుకోకపోవచ్చు. సైటు నుంచి తీసేసినవారు ఆ ఫోల్డరులో మాత్రం మిగిలిపోవచ్చు. ఒక లైబ్రరీలో (సైటులో ఫైళ్లుండే చోటు) ఇలాంటి ప్రత్యేక అనుమతులు 50,000 దాకా పెట్టుకునే వీలుంది. కానీ 5,000 దాటవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది. వంద పెట్టినా ఎవరికి ఏమిచ్చామో ఎవరికీ గుర్తుండదు. టెండరు అంచనాల కోసం ప్రాజెక్టు సైటులో తాళం వేసిన ఫోల్డరు పెట్టకండి, వేరే సైటే తెరవండి.

బృందం సైటులోకి మనిషిని చేర్చేటప్పుడు, గేర్ గుర్తు నొక్కి 'సైట్ పర్మిషన్స్'లో 'యాడ్ మెంబర్స్' తెరిస్తే రెండు దారులు కనిపిస్తాయి. బృందం మైక్రోసాఫ్ట్ 365 గుంపులో చేర్చితే సైటుతోపాటు బృందం మెయిలు, క్యాలెండరు, టీమ్స్ సంభాషణలు కూడా ఆ వ్యక్తికి అందుతాయి. 'షేర్ సైట్ ఓన్లీ' ఎంచుకుంటే సైటు ఒక్కటే. క్లయింటు తరఫు ఇంజనీరుకు రెండోదే సరిపోతుంది, అదీ చదివే హక్కుతో.

అక్కడే 'ఛేంజ్ హౌ మెంబర్స్ కెన్ షేర్' అనే వరుస ఉంటుంది. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. సభ్యులు ఫైళ్లతోపాటు మొత్తం సైటునే ఇతరులకు పంచవచ్చా, ఫైళ్లు, ఫోల్డర్లు మాత్రమే పంచవచ్చా, లేక పంచడం ఓనర్లకే పరిమితమా అన్నది అక్కడ తేలుతుంది. మామూలు ప్రాజెక్టులకు నేను రెండోది పెడతాను, అంచనాల సైటుకు మూడోది. అనుమతి కోరే అభ్యర్థనలు ఓనర్లకు చేరేలా కూడా అక్కడే అమర్చండి. లేకపోతే లోపలికి రాలేనివారు ఎవరినో బతిమాలి ఫైలును మెయిలులో తెప్పించుకుంటారు.

లింకులో ఏముంది

'షేర్' నొక్కగానే వచ్చే పెట్టెలో పేరు టైపు చేసి పంపేయడం అందరికీ అలవాటు. పంపేముందు లింకు సెట్టింగులు తెరవండి. నాలుగు రకాలుంటాయి.

'ఎనీవన్' లింకు చేతికి వస్తే చాలు, లాగిన్ లేకుండానే ఫైలు తెరుచుకుంటుంది. రచ్చబండ దగ్గర గోడకు అతికించిన కాగితంతో సమానం అది. ఒక వాట్సాప్ గ్రూపులో పడ్డాక ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పలేం, తెరిచినవారి పేరూ మనకు తెలియదు. బహిరంగ నోటీసులకు, బ్రోచర్లకు మాత్రమే వాడండి, అది కూడా గడువు తేదీ పెట్టి.

'పీపుల్ ఇన్ యువర్ ఆర్గనైజేషన్' అంటే సంస్థలో ఆ లింకు ఎవరికి అందితే వారికల్లా తెరుచుకుంటుంది. సెలవుల జాబితాకు సరే, జీతాల పట్టికకు వద్దు.

'పీపుల్ విత్ ఎగ్జిస్టింగ్ యాక్సెస్' ఎవరికీ కొత్తగా ఏ హక్కూ ఇవ్వదు. ఇప్పటికే అనుమతి ఉన్నవారికి దారి చూపుతుందంతే. సహోద్యోగులకు మెయిలులో పంపడానికి నేను ఎప్పుడూ ఇదే వాడతాను, మీకూ ఇదే చెబుతాను.

నాలుగోది 'పీపుల్ యూ చూజ్', పాత పేరు 'స్పెసిఫిక్ పీపుల్'. మీరు పేరు రాసినవారికే పనిచేస్తుంది. వారు ఇంకొకరికి ఫార్వర్డ్ చేసినా ఆ ఇంకొకరికి తెరుచుకోదు. ఆడిటరుకు, కాంట్రాక్టరుకు ఇదే ఇవ్వాలి.

రకం ఎంచుకున్నాక 'ఎడిట్' ఉందో 'వ్యూ' ఉందో చూడండి. ఆమోదించిన డ్రాయింగును మార్చే హక్కుతో బయటికి పంపకూడదు. 'వ్యూ'తోపాటు డౌన్‌లోడ్‌ను ఆపే వీలూ ఉంది. తెర మీద కనిపించేదాన్ని ఫోనుతో ఫోటో తీయవచ్చు కాబట్టి, నిజమైన రహస్యాలను దాని భరోసాతో పంచకండి. ఇంకొకటి: ఫోల్డరుకు లింకు ఇస్తే ఇవాళ అందులో ఉన్నవే కాదు, వచ్చే నెల మీ సహోద్యోగి అందులో వేసే ఫైళ్లు కూడా అవతలివారికి కనిపిస్తాయి. అందుకే బయటివారికి ఇచ్చే ఫోల్డరు పేరులోనే 'కాంట్రాక్టరుకు కనిపిస్తుంది' అని రాయిస్తాను.

అడ్మిన్ అయితే

షేర్‌పాయింట్ అడ్మిన్ సెంటరులో 'పాలసీస్' కింద 'షేరింగ్' ఉంటుంది. సంస్థ మొత్తానికి హద్దు అక్కడ గీస్తారు. సైటుకు అంతకంటే బిగువైన హద్దు పెట్టవచ్చు, వదులైనది పెట్టలేం. వన్‌డ్రైవ్ హద్దు కూడా షేర్‌పాయింట్‌ను మించదు. మా సంస్థకు 'న్యూ అండ్ ఎగ్జిస్టింగ్ గెస్ట్స్' (లాగిన్ అయ్యే బయటివారు, అంటే అతిథులు) దగ్గర ఆపి, అంచనాల సైటును సంస్థ లోపలివారికే పరిమితం చేశాను. ముందుగా కనిపించే లింకు రకాన్ని నాలుగోదానికి, హక్కును 'వ్యూ'కు మార్చడం అక్కడే. తొందరలో ఉన్నవారు ముందు కనిపించిందే పంపుతారు, కాబట్టి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఈ ఒక్క మార్పు చేసినంత మేలు చేయవు. అతిథుల అనుమతి కొన్ని రోజులకు దానంతటదే ముగిసేలా గడువు కూడా పెట్టండి.

"మేడం, లింకు తెరుచుకోవడం లేదు"

నిర్మాణ స్థలం నుంచి కాంట్రాక్టరు చేసే ఈ ఫోనుకు కారణం చాలాసార్లు ఒకటే. మనం లింకు పంపింది ఒక మెయిలుకు, ఆయన బ్రౌజరులో లాగిన్ అయి ఉన్నది మరొక మెయిలుతో. ప్రైవేట్ విండో తెరిచి, ఆహ్వానం వచ్చిన మెయిలుతోనే లోపలికి రమ్మనండి. ఆయన వాడేది వేరే మెయిలని తేలితే పాత అనుమతి తీసేసి కొత్తది ఇవ్వండి. తలనొప్పి వదిలించుకోవాలని 'ఎనీవన్' లింకు మాత్రం పంపకండి. పని గడిచిపోతుంది, లింకు మిగిలిపోతుంది.

మిగిలిపోయినవి తీసేయడం

నెలకోసారి ప్రతి సైటు ఓనరుతో 'సైట్ యూసేజ్' తెరిపిస్తాను. అక్కడ 'షేర్డ్ విత్ ఎక్స్‌టర్నల్ యూజర్స్' నివేదికను నడిపితే, బయటివారికి ఏమేమి పంచామో ఒక సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) వస్తుంది. అందులో మనుషుల మెయిళ్లుంటాయి, అందుకే ఓనర్లకే కనిపించే ఫోల్డరులో దాచండి. అక్కరలేని పేరు కనిపిస్తే ఆ ఫైలు 'మేనేజ్ యాక్సెస్'కు వెళ్లండి. మనుషులు, గుంపులు, లింకులు అని మూడు భాగాలుంటాయి. మూడూ చూడాలి. మనిషి పేరు తీసేసి 'ఎనీవన్' లింకును అలాగే వదిలేస్తే ఏమీ తీసేయనట్టే.

కార్మికుల ఆధార్ నకళ్లు, బ్యాంకు వివరాలు ఉన్న ఫైళ్లను ముందు చూడండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం ఇలాంటి సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా మాట పక్కన పెట్టినా, మనల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి.

ప్రాజెక్టు ముగిశాక అతిథులను తీసేయండి, బయటి లింకులు తొలగించండి. ఆ తరువాత సైటును చదవడానికి మాత్రమే తెరుచుకునే స్థితికి మార్చమని అడ్మిన్‌ను అడగండి. అడ్మిన్ ఆదేశాలు టైపు చేసే షేర్‌పాయింట్ మేనేజ్‌మెంట్ షెల్‌లో అది ఒక్క ఆదేశంతో అయ్యే పని.