మెంటర్ దొరికారు సరే, మరి మన పీస్ స్టేజ్ ఎక్కేదెలా?

మ్యూజిక్ రాసే మనలాంటి కొత్త కంపోజర్లకి మంచి మెంటర్ (దారి చూపే సీనియర్) దొరికితే చాలు, ఆర్కెస్ట్రా మన మ్యూజిక్ వాయించేస్తుంది, పబ్లిషర్ అచ్చేసేస్తాడు అనుకునేవాణ్ణి నేను కూడా. తర్వాత అర్థమైంది, మెంటర్లు మన పేరు నలుగురి చెవిన వేస్తారు అంతే, ఆ నలుగురూ "ఏదీ, చూపించు" అన్నప్పుడు చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాల్సింది మన దగ్గరే.

చెక్ కంపోజర్ డ్వోరాక్ సంగతే చూడండి. 1877లో అప్పటికే పేరున్న కంపోజర్ బ్రామ్స్ తన పబ్లిషర్ జిమ్రాక్‌కి ఉత్తరం రాసి ఈయన డ్యూయెట్లు (ఇద్దరు కలిసి పాడే పాటలు) వేసుకోమని చెప్పాడు, 1878లో అవి బయటికొచ్చాయి, అందరూ చెప్పుకునే కథే. కానీ బ్రామ్స్ చూసేటప్పటికే ఆ డ్యూయెట్లు ప్రైవేటుగా ప్రింటై సిద్ధంగా ఉన్నాయి, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మెంటర్ అంటే కంపోజరే అయ్యుండాలని కూడా లేదు. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరో, వాయించేవాళ్ళో అయితే ఒక్కోసారి ఇంకా మేలు, ఎందుకంటే వాయించే చోటు వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఫ్రెంచ్ మ్యూజిక్ టీచర్ నాడియా బౌలాంజే తను ఆర్గన్ వాయించే కన్సర్ట్ కోసం శిష్యుడు కోప్లాండ్ చేతే సింఫనీ రాయించి, 1925లో న్యూయార్క్‌లో తనే వాయించింది.

ఇక అడగడం. "ఎలా ఉంది సార్?" అంటే "బాగుందమ్మా" అనే జవాబే వస్తుంది, దాంతో ఏం చేసుకుంటాం. "నలభయ్యో బార్ (తాళం లెక్కలో ఒక గడి) దగ్గర క్లారినెట్‌కి ఊపిరి తీసుకునే టైం ఉందా?", "నలుగురు వాయించే ఈ పీస్ ఏ గ్రూప్‌కి సరిపోతుంది, మీరు ఒక మెయిల్ పెడతారా?" ఇలా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం పార్ట్స్, అంటే ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిచ్చే కాగితాలు. నా మొదటి రీడింగ్‌లో (అంటే పీస్‌ని ట్రయల్‌గా వాయించి చూడటంలో) మాకిచ్చింది ఇరవై నిమిషాలు, వయోలా పార్ట్‌లో సరిగ్గా స్పీడ్ ప్యాసేజ్ మధ్యలో పేజీ తిప్పాల్సొచ్చింది, ఆగారు, మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు, సగం టైం దానికే పోయింది. మెంటర్‌కి స్కోర్ (అందరి పార్ట్స్ ఒకేచోట కనిపించే కాపీ) చూపించా గానీ పార్ట్స్ చూపించలేదు, తప్పు నాదే. పేజీ తిప్పే చోట రెస్ట్ (వాయించకుండా ఆగే చోటు) ఉందా, చాలాసేపు ఖాళీగా ఉన్నవాళ్ళకి క్యూ (ఎప్పుడు మొదలెట్టాలో తెలిపే గుర్తు) ఇచ్చామా, రిహార్సల్ నంబర్లు (ఎక్కణ్ణుంచి వాయించాలో చెప్పుకోవడానికి పెట్టే గుర్తులు) స్కోర్‌లో పార్ట్స్‌లో ఒకేలా ఉన్నాయా, ఇవన్నీ అనుభవం ఉన్నవాళ్ళ కళ్ళకి రెండు నిమిషాల్లో దొరికిపోతాయి.

వాయించే రోజున రికార్డింగ్‌కి వాయించేవాళ్ళ పర్మిషన్ ముందే తీసుకోండి. మొదటి ప్రదర్శన కన్నా రెండోది దొరకడమే కష్టం, ఆ రికార్డింగ్ లేకపోతే మరీ కష్టం.

పబ్లిషర్ కాంట్రాక్ట్ పంపితే సంతోషంలో సంతకం పెట్టేయకుండా మెంటర్‌కి చూపించండి. కాపీరైట్ మొత్తం రాసిచ్చేస్తున్నామా లేక కొన్నేళ్ళకేనా, వాళ్ళు అమ్మడం మానేస్తే హక్కులు వెనక్కొస్తాయా, పార్ట్స్ అద్దెకిస్తే వచ్చే డబ్బులో మన వాటా ఎంత, ఇవి చూసుకోవాలి. అచ్చెయ్యడానికి మననే డబ్బు అడిగితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కన్సర్ట్ అయ్యాక ఆ రికార్డింగ్, స్కోర్ పీడీఎఫ్ రెండూ మెంటర్‌కి పంపేయండి, ఎవరైనా "కొత్తవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని వాళ్ళని అడిగితే అప్పటికప్పుడు ఫార్వర్డ్ చేసెయ్యొచ్చు.