పాత డిష్‌తో డీడీ ఫ్రీ డిష్: సిగ్నల్ ఇలా దొరికింది (నా అనుభవం)

కేబుల్ తీసేసి, డాబా మీద ఊరికే పడున్న పాత డీటీహెచ్ డిష్‌కి ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ల నెల చందా లేని డీటీహెచ్) బాక్స్ పెట్టాను. తెర మీద "నో సిగ్నల్" తప్ప ఇంకేం లేదు. కొత్త వైరు, కొత్త ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క), బాక్స్ రీసెట్: ఏదీ పనిచేయలేదు.

అసలు సంగతేంటంటే, ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, అది ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద (ఇది కంపాస్ డిగ్రీ కాదు). నా డిష్ పాత కంపెనీ వాళ్ల 83 డిగ్రీల ఉపగ్రహం వైపు చూస్తోంది.

ముందు బాక్స్ మెనూలో ఎల్‌ఎన్‌బీ 9750/10600 పెట్టి, 93.5 ఉపగ్రహం ఎంచుకున్నా. తర్వాత నట్లు కాస్త వదులు చేసి, ఫోన్ కంపాస్‌లో దాదాపు 138 డిగ్రీలు, అంటే ఆగ్నేయం వైపు తిప్పా. ఇనప రెయిలింగ్ పక్కన కంపాస్ అబద్ధాలు చెబుతుంది, నాలుగడుగులు దూరం జరిగి చూడండి. ఎత్తు కోణం హైదరాబాద్‌కి సుమారు 63 డిగ్రీలు. ఆఫ్‌సెట్ డిష్ (ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది వైపు ఉండే రకం) కాబట్టి అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, క్లాంపు మీది గీతల్నే నమ్మాలి.

ఇక్కడే అందరూ తప్పేది: స్ట్రెంగ్త్ బార్ ఉపగ్రహం దొరక్కపోయినా నిండుగా కనిపిస్తుంది. చూడాల్సింది క్వాలిటీ బార్. వెంట్రుకవాసి జరపడం, రెండు సెకన్లు ఆగడం. అది లేచాక ఎల్‌ఎన్‌బీని దాని చోటే మెల్లగా తిప్పితే ఇంకా పెరిగింది. అప్పుడు నట్లు బిగించి, స్కాన్ కొట్టా. యాదగిరి, సప్తగిరి రెండూ వచ్చాయి.

ప్రైవేటు తెలుగు న్యూస్ యూట్యూబ్ లైవ్‌లో చూస్తున్నాం. సీరియళ్లకి మాత్రం అమ్మ కోసం ఒక ఆప్ చందా తప్పలేదు.

మీ డిష్ వేరే కంపెనీదైతే తిప్పాల్సిన దూరం మారుతుంది. ఆగ్నేయాన పక్కనే అపార్ట్‌మెంట్ అడ్డుంటే ఇదేదీ పనిచేయకపోవచ్చు.