ఇంగ్లండ్‌లో మందుల ఖర్చు: వీసా మీద ఉన్నవాళ్లు భయపడకుండా ఏమేం అడగవచ్చు

ఇంగ్లండ్ వచ్చిన మొదటి ఎనిమిది నెలలు నేను కట్టనక్కర్లేని డబ్బు కట్టాను. 2023 సెప్టెంబరులో మా ఆయన మాస్టర్స్ కోసం కోవెంట్రీ వచ్చాం. ఆయనది స్టూడెంట్ వీసా, నాది డిపెండెంట్. నాకు పెళ్లికి ముందు నుంచీ థైరాయిడ్ తక్కువ, రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాలి. దానికి తోడు రక్తం తక్కువని ఐరన్ కూడా రాశారు. అప్పట్లో ఒక్కో మందుకి 9.65 పౌండ్లు. నెలకి రెండు మందులు, అంటే 19.30. ఎనిమిది నెలలకి 154.40 పౌండ్లు. ఆయన వారానికి 20 గంటలే పని చేయగలిగే రోజులవి. మాకు ఆ డబ్బు చిన్నది కాదు.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకి ఇక్కడ అన్ని మందులూ ఉచితమని 2024 మే నెలలో తెలిసింది. చెప్పింది డాక్టరూ కాదు, ఫార్మసీ వాళ్లూ కాదు. బస్‌స్టాప్‌లో పరిచయమైన ఒక కేరళ ఆవిడ. అప్పటి నుంచి మా వాళ్లు ఎవరు కొత్తగా వచ్చినా నేనే అడిగి మరీ చెబుతున్నాను. అందరూ తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, మన వీసా మీద పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని రాసి ఉంది కదా, రేపు ఎక్స్‌టెన్షన్‌లో ప్రాబ్లం అవ్వదా?"

అందుకే ముందు ఆ సంగతి తేల్చుకుందాం. పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రభుత్వం ఇచ్చే ప్రతి సాయమూ కాదు. ఏవేవి ఆ లెక్కలోకి వస్తాయో ఇమిగ్రేషన్ రూల్స్‌లోనే జాబితా ఉంది. యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి), చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్, పెన్షన్ క్రెడిట్, పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే భృతి), కౌన్సిల్ టాక్స్ తగ్గింపు లాంటివి అందులో ఉన్నాయి. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వైద్యం ఆ జాబితాలో లేదు. మందుల ఫీజు మినహాయింపులు గానీ, నేను కింద చెప్పబోయే లో ఇన్‌కమ్ స్కీం గానీ అందులో లేవు. కాబట్టి వీటికి అప్లై చేస్తే వీసా షరతు తప్పినట్టు కాదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది మందులు మానేసి కూర్చుంటున్నారో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండో అపోహ దీనికి పూర్తి వ్యతిరేకం. "హెల్త్ సర్‌చార్జి కట్టాం కదా, మళ్లీ మందులకి డబ్బులేంటి?" అంటారు. వీసాకి అప్లై చేసేటప్పుడే కట్టే ఆ సర్‌చార్జి 2024 ఫిబ్రవరి 6 నుంచి స్టూడెంట్లకి, వాళ్ల డిపెండెంట్లకి ఏడాదికి 776 పౌండ్లు, వర్క్ వీసా వాళ్లకి 1,035. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకి అది లేదు. సర్‌చార్జి కట్టినందుకు ఇక్కడి వాళ్లతో సమానంగా ఎన్‌హెచ్‌ఎస్ వాడుకునే హక్కు వస్తుంది. ఆ సమానత్వంలో ఫీజులూ ఉన్నాయి, మినహాయింపులూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో మందులకి, పళ్లకి, కళ్లకి ఇక్కడ పుట్టినవాళ్లూ కడతారు. వాళ్లకి ఏ కారణంతో మాఫీ అవుతుందో అదే కారణంతో మనకీ అవుతుంది. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో ఉండేవాళ్లకి మందుల ఫీజే లేదు. మీరు గ్లాస్గోలోనో కార్డిఫ్‌లోనో ఉంటే పళ్లు, కళ్ల ఫీజులు ఇక్కడిలా ఉండవు, అవి అక్కడే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఇంగ్లండ్ లెక్క. 2024 మే నుంచి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు. ఇది మందు రకానికి లెక్క, మాత్రల సంఖ్యకి కాదు. 28 మాత్రలు రాసినా 56 రాసినా ఒకటే 9.90. అందుకని ఏళ్ల తరబడి వాడే మందైతే రెండు నెలలకి కలిపి రాయగలరేమో జీపీని (మీరు పేరు నమోదు చేసుకున్న ఫ్యామిలీ డాక్టర్ని) అడగండి. అందరూ ఒప్పుకోరు గానీ, అడగడంలో తప్పు లేదు.

ఏమీ కట్టనక్కర్లేని వాళ్లు ఎవరంటే: 16 ఏళ్లలోపు పిల్లలు, 16 నుంచి 18 మధ్య ఉండి ఫుల్‌టైం చదువుకునేవాళ్లు, 60 నిండినవాళ్లు. వీళ్లకి వయసే ఆధారం. గర్భిణులకీ, కొన్ని జబ్బులున్నవాళ్లకీ సర్టిఫికెట్ ఉండాలి. గర్భనిరోధక మందులు ఎవరికైనా ఉచితమే.

జబ్బుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, మన ఇళ్లలో ఎక్కువగా పనికొచ్చేది ఇదే. మందులు వాడే షుగర్, హార్మోన్ మాత్ర వేసుకోవాల్సిన థైరాయిడ్ లోపం, ఎప్పుడూ మందు వాడాల్సిన మూర్ఛ, క్యాన్సర్, ఇంకా కొన్ని అరుదైనవి ఆ జాబితాలో ఉన్నాయి. బీపీ లేదు, ఆస్తమా లేదు, కొలెస్ట్రాల్ లేదు. షుగర్‌ని తిండితోనే అదుపులో పెట్టుకుంటుంటే వర్తించదు. పీసీఓఎస్‌కి (అండాశయాల హార్మోన్ సమస్యకి) మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడే అమ్మాయిలు ఇద్దరు నన్ను అడిగారు. దానికీ వర్తించదు, అది షుగర్ జబ్బు కింద రాదు.

ఈ జాబితాలో మీ జబ్బు ఉంటే మీ జీతం ఎంతైనా సరే, మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ వస్తుంది. జీపీ సర్జరీలో (ఇక్కడ డాక్టరు క్లినిక్‌ని అలా అంటారు) ఎఫ్‌పీ92ఏ ఫారం అడగండి. మీ వివరాలు మీరు నింపితే, జబ్బు నిజమేనని సర్జరీ వాళ్లు సంతకం పెడతారు. రిసెప్షన్‌లో ఒక్కోసారి ఆ ఫారం పేరు వాళ్లకే తట్టదు. నన్నూ "అలాంటిదేం లేదు" అని ఒకసారి పంపేశారు. రెండోసారి వెళ్లి, నాకు థైరాయిడ్ ఉంది, ఎగ్జెంప్షన్ ఫారం కావాలి అని నిదానంగా చెప్పాక వెతికి ఇచ్చారు. సర్టిఫికెట్ అయిదేళ్లు ఉంటుంది. అది వచ్చాక ఆ జబ్బు మందులే కాదు, దగ్గు సిరప్ రాసినా, యాంటీబయాటిక్ రాసినా ఉచితమే. నా ఐరన్ మాత్ర కూడా అలాగే ఉచితమైంది. ఇది మందులకి మాత్రమే, పళ్ల డాక్టరు దగ్గర పనికిరాదు.

కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా అని అడుగుతారు. కొంత వస్తుంది, ఒక షరతు మీద. సర్టిఫికెట్ మీద ప్రారంభ తేదీ మీ దరఖాస్తు అందిన రోజుకి ఒక నెల ముందు నుంచి వేస్తారు. ఆ నెలలో కట్టినదానికి రీఫండ్ అడగవచ్చు, కానీ ఎఫ్‌పీ57 అనే రసీదు ఉండాలి. మామూలు బిల్లు చెల్లదు. ఎఫ్‌పీ57ని డబ్బు కట్టేటప్పుడే ఫార్మసీలో అడిగి తీసుకోవాలి, తర్వాత వెళ్తే ఇవ్వరు. డబ్బు కట్టిన మూడు నెలల్లోపు క్లెయిమ్ చేయాలి. నా దగ్గర ఒక్క ఎఫ్‌పీ57 కూడా లేదు, నాకు ఒక్క పెన్నీ వెనక్కి రాలేదు. మీకు సర్టిఫికెట్ వస్తుందన్న అనుమానం ఏ కాస్త ఉన్నా, కౌంటర్ దగ్గర ఆ రసీదు అడగకుండా రాకండి.

గర్భిణుల విషయం ఇంకా సులువు. మిడ్‌వైఫ్‌ని గానీ డాక్టర్‌ని గానీ అడిగితే వాళ్లే మెటర్నిటీ సర్టిఫికెట్‌కి పంపుతారు. ప్రసవం తేదీ తర్వాత 12 నెలల దాకా మందులు ఉచితం, ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల వైద్యం కూడా ఉచితం. మా వీధిలో కేర్ హోంలో పనిచేసే ఒక చెల్లెలు ఆరో నెలలో పన్ను నొప్పితో అల్లాడుతూ కూడా ఖర్చు భయంతో వెళ్లలేదు. ఆమె దగ్గర ఆ సర్టిఫికెట్ ఉంది! మందులకే అనుకుని బీరువాలో పెట్టేసింది. 2025 ఏప్రిల్ ధరల ప్రకారం ఫిల్లింగ్, రూట్ కెనాల్ లాంటి వాటికి 75.30 పౌండ్లు, క్రౌన్ (పంటికి తొడుగు) దాకా వెళ్తే 326.70. ఆమెకి అవేవీ కట్టనక్కర్లేదు. అయితే పళ్ల డాక్టరు మిమ్మల్ని ఎన్‌హెచ్‌ఎస్ కింద చూస్తున్నాడో ప్రైవేటుగా చూస్తున్నాడో ముందే అడిగి తెలుసుకోండి. ప్రైవేటు అయితే ఏ సర్టిఫికెట్టూ పనిచేయదు.

పై కారణాలేవీ లేక, ఆదాయం తక్కువై ఇబ్బంది పడేవాళ్లకి ఉన్నదే లో ఇన్‌కమ్ స్కీం. స్టూడెంట్లు ఎక్కువగా అడగాల్సింది ఇదే. ఫారం పేరు హెచ్‌సీ1. ఎన్‌హెచ్‌ఎస్ బిజినెస్ సర్వీసెస్ అథారిటీ వెబ్‌సైట్‌లో చేయవచ్చు, కాగితం ఫారం తెప్పించుకుని పోస్టులో పంపవచ్చు. ఇందులో చూసేది మీ వీసా రకం కాదు. మీ రాబడి, అద్దె, ఇంటి ఖర్చు, పొదుపు. భార్యాభర్తలైతే ఇద్దరివీ కలిపి చూస్తారు. పొదుపు 16,000 పౌండ్లు దాటితే రాదు. 6,000 దాటిన దగ్గర్నుంచి ప్రతి 250 పౌండ్లకీ వారానికి ఒక పౌండు రాబడి ఉన్నట్టు లెక్కేస్తారు. ఇండియాలో ఎఫ్‌డీ ఉంటే అదీ పొదుపే, దాచకుండా రాయండి. వీసా కోసం బ్యాంకులో చూపించిన డబ్బు ఇంకా మీ ఖాతాలోనే ఉంటే అదీ అంతే.

మేము 2024 జూన్‌లో పంపాం. మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, యూనివర్సిటీ లెటర్ ముందే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవడం వల్ల ఒక్క సాయంత్రంలో పని అయిపోయింది. మాకు హెచ్‌సీ2 వచ్చింది. హెచ్‌సీ2 అంటే పూర్తి సాయం: మందులు, ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల వైద్యం, కళ్ల పరీక్ష, అద్దాలకి వోచరు, జీపీ పంపితే ఆసుపత్రికి వెళ్లే ప్రయాణ ఖర్చు. మా ఆయన కళ్లజోడు కాడ విరిగి రెండు నెలలుగా టేపు వేసుకుని తిరుగుతున్నారు. ఆ వోచరుతోనే కొత్తవి చేయించాం. రాబడి కొంచెం ఎక్కువుంటే హెచ్‌సీ3 ఇస్తారు. అందులో పళ్లకీ కళ్లకీ కొంత తగ్గుతుంది, మందుల ఫీజు మాత్రం తగ్గదు. శరణు కోరి హోం ఆఫీస్ సాయం మీద ఉన్నవాళ్లకి హెచ్‌సీ2 దానంతటదే వస్తుంది. సర్టిఫికెట్ రాకముందే పళ్లకో కళ్లకో కట్టేసి ఉంటే, రసీదులు పెట్టి హెచ్‌సీ5 ఫారంతో మూడు నెలల్లోపు అడగండి.

దేనికీ అర్హత లేకపోతే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ కొనుక్కోండి, అంటే ఒకసారి డబ్బు కట్టేస్తే ఆ గడువులో రాసిన మందులన్నిటికీ వేరే ఫీజు ఉండదు. మూడు నెలలకి 32.05 పౌండ్లు, ఏడాదికి 114.50. ఏడాదిది నెలసరి డైరెక్ట్ డెబిట్‌లో పది వాయిదాలుగా కట్టవచ్చు. మూడు నెలల్లో నాలుగు మందులు పడినా, ఏడాదిలో పన్నెండు పడినా మీకు లాభమే. బీపీకి రెండు, కొలెస్ట్రాల్‌కి ఒకటి వాడే మా బావగారు ఏడాదికి 356 పౌండ్లకి పైగా కట్టేవారు. ఇప్పుడు 114.50తో సరిపోతోంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. మందులు తీసుకునేటప్పుడు చీటీ వెనక ఎందుకు ఉచితమో గడులు ఉంటాయి, లేదా ఫార్మసీలోనే అడుగుతారు. మీ కారణం ఏదో అదే చెప్పండి. ఎవరో స్నేహితుడు చెప్పాడని యూనివర్సల్ క్రెడిట్ గడిలో టిక్ పెట్టకండి. అది మనకి లేదు, పైగా అది పబ్లిక్ ఫండ్స్‌లో ఉన్నది. తర్వాత తనిఖీలో బయటపడితే మందుల ఫీజుతో పాటు 100 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. ఫారం పంపించి సర్టిఫికెట్ కోసం ఎదురు చూస్తున్న రోజుల్లో కూడా టిక్ పెట్టకూడదు. డబ్బు కట్టి ఎఫ్‌పీ57 తీసుకోవడమే సరైన దారి.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వస్తే ఏంటని చాలామంది అడుగుతారు. జీపీ దగ్గర చూపించుకోవడానికి ఫీజు లేదు, అడ్రస్ ప్రూఫ్ లేదని రిజిస్ట్రేషన్ నిరాకరించకూడదు. జీపీ ఎన్‌హెచ్‌ఎస్ చీటీ రాస్తే 60 నిండినవాళ్లకి మందులు ఉచితం. కానీ ఆసుపత్రి వైద్యం వేరు. సర్‌చార్జి కట్టని విజిటర్లకి ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. ఎమర్జెన్సీ విభాగంలో చూసినందుకు ఫీజు లేకపోయినా, వార్డులో చేర్చుకుంటే బిల్లు మొదలవుతుంది. మా అత్తమామలు వచ్చినప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుని, షుగర్ మందులు ఉన్నన్నాళ్లకీ సరిపడా తెచ్చుకోమన్నాం.

ఇల్లు మారినప్పుడు జీపీకి, యూనివర్సిటీకి అడ్రస్ చెప్పినట్టే సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసుకీ చెప్పండి. గడువు అయిపోతోందని వచ్చే ఉత్తరం పాత ఇంటికి పోతే మీకు తెలియదు, అయిపోయిన సర్టిఫికెట్‌తో మందులు తీసుకుంటే అదే జరిమానా వస్తుంది. నాది 2029లో అయిపోతుంది. ఆ తేదీకి ఒక నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను, మా ఆయన ఫోన్‌లోనూ పెట్టించాను.