జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఉన్న ఈ మూడు చారిత్రక ఊళ్లనూ ఒకే వారాంతంలో చూసేయొచ్చు. కానీ ముందే సరిచూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

జీపీఎస్‌లో "జేమ్స్‌టౌన్" అని మాత్రమే కొట్టకండి. అక్కడ రెండు వేర్వేరు చోట్లున్నాయి. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అంటే 1607లో ఇంగ్లీషువాళ్లు కోట కట్టిన అసలు నేల, తవ్వకాలు జరుగుతున్న చోటు. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అంటే నమూనా ఓడలు, నమూనా కోట ఉన్న మ్యూజియం. టికెట్లు కూడా వేరు. పిల్లలకు రెండోదే సరదా, నా ఓటు మాత్రం మొదటిదానికే.

అయితే హిస్టారిక్ జేమ్స్‌టౌన్‌లో, తవ్వకాల్లో దొరికినవి పెట్టిన ఆర్కియారియం మ్యూజియంలోకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లే ముందు ఆలోచించండి. 1609-10 చలికాలపు కరువులో చనిపోయిన పద్నాలుగేళ్ల అమ్మాయి పుర్రె అద్దాల వెనుక ఉంటుంది. ఆకలికి తాళలేక శవాన్ని కోసుకు తిన్నారనడానికి సాక్ష్యంగా, నుదుటి మీద కత్తి గాట్లు కనిపిస్తాయి. పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోండి.

ఆ తవ్వకాల చోట నేల మీద ఏం కనిపించినా జేబులో వేసుకోవద్దు. అది నేరం.

ఊళ్లను కలిపే కొలోనియల్ పార్క్‌వే మీద పెట్రోల్ బంకుల్లేవు, లేన్ గీతలూ ఉండవు. ట్యాంకు ముందే నింపుకోండి. వేసవిలో ఉక్కపోత, దోమలు, పిడుదులు: నిండు ప్యాంటు, నీళ్లు తప్పనిసరి.

విలియమ్స్‌బర్గ్ వీధుల్లో ఊరికే తిరగొచ్చు, పాత భవనాల లోపలికి మాత్రం టికెట్ కావాలి.

యార్క్‌టౌన్‌ను చివర్లో హడావిడిగా ముగించకండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1781లో ఇక్కడ సైన్యంతో సహా లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే, తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికొచ్చి 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు.