ఏఎంహెచ్ రిపోర్టును, ఐవీఎఫ్ విజయ శాతాన్ని ఎలా చదవాలి?

పెళ్లయి కొన్నేళ్లు గడిచినా పిల్లలు పుట్టని దంపతులు సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్తే, మొదటి విడత పరీక్షల్లోనే ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష ఒకటి ఉంటుంది. ఆ అంకె పక్కన ‘తక్కువ’ అని అచ్చయి ఉంటే చాలు, ఇల్లు చేరేసరికి అది ‘అండాలు అయిపోయాయట’ అన్న మాటగా మారిపోతుంది. ఆ అంకె దేన్ని చెబుతుందో, దేన్ని చెప్పలేదో, ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించి, ఏర్పడిన పిండాన్ని గర్భాశయంలో ఉంచే చికిత్స) మొదలుపెట్టే ముందు చెప్పే విజయ శాతాన్ని ఏ ప్రశ్నలతో తూచుకోవాలో తెలిస్తే, డాక్టరు ముందు కూర్చున్న పావుగంటలో అడగవలసినవి అడగడానికి వీలవుతుంది.

ముందుగా అండాశయం పని గురించి కొంత తెలియాలి. ఆడశిశువు తల్లి గర్భంలో ఐదో నెలలో ఉండగానే ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల వరకు అండాలు ఉంటాయి. పుట్టేనాటికి అవి 10 నుంచి 20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి సుమారు మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలకు మించవు. మిగతావన్నీ నెలనెలా వాటంతట అవే క్షీణిస్తాయి. ఒక్కో అండం ఫోలికల్ అనే చిన్న సంచిలో ఉంటుంది. ఎదుగుదల మొదలై, ఇంకా చిన్నవిగా ఉన్న ఫోలికల్స్‌లోని కణాలు విడుదల చేసే హార్మోనే ఏఎంహెచ్. అంటే ఈ పరీక్ష నిల్వలో ఉన్న అండాలను నేరుగా లెక్కపెట్టదు. ప్రస్తుతం ఎదుగుతున్న ఫోలికల్స్ ఎన్నో సూచించి, దాన్నిబట్టి నిల్వను అంచనా వేయనిస్తుంది.

రిపోర్టు చేతికి వచ్చాక

మొదట చూడవలసింది అంకెను కాదు, దాని పక్కనున్న కొలమానాన్ని. కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని, మరికొన్ని లీటరుకు ఇన్ని పికోమోల్స్ అని ఇస్తాయి. ఒక నానోగ్రాము లెక్క సుమారు 7.14 పికోమోల్స్‌కు సమానం కాబట్టి, ఒకే స్త్రీ ఫలితం ఒక చోట 1 అనీ మరో చోట 7 అనీ రావచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఏఎంహెచ్ ఉండవలసినదాని కంటే తక్కువగా కనిపించే అవకాశం ఉంది. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫోలికల్స్ ఎక్కువగా ఉండి నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ల్యాబుకూ ల్యాబుకూ పరీక్ష విధానంలో తేడా ఉంటుంది కనుక, రెండు చోట్ల చేయించిన ఫలితాలను పక్కపక్కన పెట్టి ‘ఆరు నెలల్లో సగానికి పడిపోయింది’ అని బెంబేలు పడకూడదు.

ఏఎంహెచ్‌కు తోడుగా ఏఎఫ్‌సీ అనే ఫోలికల్స్ లెక్క కూడా అడగాలి. నెలసరి మొదటి రోజుల్లో యోని ద్వారా చేసే స్కానింగ్‌లో రెండు అండాశయాలలోనూ 2 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య ఉన్న ఫోలికల్స్ మొత్తం సంఖ్యే ఏఎఫ్‌సీ. ఈ రెండూ ఒకే దిశలో ఉంటే నమ్మకం పెరుగుతుంది; పొంతన కుదరకపోతే మళ్లీ చూడమనడం న్యాయమే. నెలసరి రెండో రోజో మూడో రోజో చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ (ఫోలికల్స్‌ను ఎదిగించే హార్మోన్; అండాల నిల్వ తగ్గితే ఇది పెరుగుతుంది) పరీక్షను మాత్రం ఎస్ట్రడయోల్ అనే మరో హార్మోన్‌తో కలిపే చదవాలి, ఎందుకంటే ఎస్ట్రడయోల్ ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచివేసి, లేని క్షేమాన్ని చూపిస్తుంది. ఇదంతా భార్యకే చేయించి, భర్త వీర్య పరీక్షను ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది అన్నిటికంటే సులువైన పరీక్ష. మొదటి వారంలోనే అయిపోవాలి.

సంఖ్య వేరు, నాణ్యత వేరు

ఏఎంహెచ్ చెప్పేది సంఖ్య గురించి. అండం నాణ్యతను, అంటే క్రోమోజోములు సరిగా ఉన్న పిండం ఏర్పడే అవకాశాన్ని, ప్రధానంగా నిర్ణయించేది స్త్రీ వయసు. ఈ తేడాను 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపింది. ఉత్తర కరోలినాలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య వయసుండి, సంతానలేమి చరిత్ర లేకుండా సహజంగా గర్భం కోసం ప్రయత్నిస్తున్న 750 మందిని పరిశీలించినప్పుడు, ఏఎంహెచ్ 0.7 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్నవారికి గర్భం దాల్చే అవకాశం మిగతావారికంటే తగ్గినట్లు తేలలేదు. నెలకు విడుదల కావలసింది ఒక్క అండమే కదా! అందువల్ల పెళ్లికి ముందు ‘ముందుజాగ్రత్త’ పేరుతో ఈ పరీక్ష చేయించి, ఆ అంకెతో అమ్మాయి సంతానయోగ్యతను తేల్చడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఐవీఎఫ్‌లో మాత్రం ఈ అంకెకు నిజమైన ఉపయోగం ఉంది: ఫోలికల్స్‌ను ఎదిగించే ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో ఇది బాగానే అంచనా వేస్తుంది. 2011లో ఐరోపా నిపుణులు రూపొందించిన బొలోన్యా ప్రమాణాలు అండాశయ స్పందన తక్కువగా ఉన్నవారందరినీ ఒకే గుంపుగా చూశాయి. 2016లో వచ్చిన పొసైడన్ వర్గీకరణ వయసుకు 35 ఏళ్లు, ఏఎంహెచ్‌కు 1.2 నానోగ్రాములు, ఏఎఫ్‌సీకి 5 అన్న గీతలు గీసి, వారిని నాలుగు వర్గాలుగా విడదీసింది. ఈ విభజన దంపతులకూ పనికివస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో ఏఎంహెచ్ 0.8 ఉన్న స్త్రీకి అండాలు తక్కువ రావచ్చు గాని, వచ్చిన ఒక్కొక్క అండానికి ఆ వయసుకు తగిన బలం ఉంటుంది. నలభై రెండేళ్ల వయసులో ఏఎంహెచ్ 2 ఉన్న స్త్రీకి అండాలు ఎక్కువ వచ్చినా, వాటిలో చాలావాటికి వయసు భారం తప్పదు. మీరు ఏ వర్గంలోకి వస్తారని డాక్టరును సూటిగా అడగండి.

పాశ్చాత్య దేశాల వయసు పట్టికలను మనకు యథాతథంగా అన్వయించడంలోనూ జాగ్రత్త అవసరం. ఐవీఎఫ్ చికిత్సకు వచ్చిన భారతీయ, స్పానిష్ స్త్రీలను పోల్చి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం, భారతీయ స్త్రీలలో అండాశయ నిల్వ సుమారు ఆరేళ్లు ముందుగానే తగ్గినట్లు కనిపిస్తోందని పేర్కొంది.

అండాలు ఎన్ని వస్తే మంచిది? బ్రిటన్‌లో 1991 నుంచి 2008 వరకు జరిగిన నాలుగు లక్షలకు పైగా ఐవీఎఫ్ సైకిళ్లను (ఒక్కో విడత చికిత్సను సైకిల్ అంటారు) విశ్లేషించిన 2011 నాటి పరిశోధనలో, అండాలు సుమారు 15 వరకు పెరిగేకొద్దీ బిడ్డ పుట్టే అవకాశం పెరిగి, 15 నుంచి 20 మధ్య నిలకడగా ఉండి, ఆ తర్వాత తగ్గింది. అలాగని మందు మోతాదు పెంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. నెదర్లాండ్స్‌లో ఏఎఫ్‌సీని బట్టి తక్కువ స్పందన ఉంటుందనుకున్నవారికి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను 150 యూనిట్లకు బదులు 225, 450 యూనిట్ల దాకా పెంచి ఇచ్చి చూసినా, పుట్టిన బిడ్డల సంఖ్యలో మెరుగుదల రాలేదని 2017లో తేలింది. పెరిగింది ఖర్చే.

విజయ శాతాన్ని అడిగే తీరు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, అదీ అబద్ధం వల్ల కాదు, భాగహారం వల్ల. లెక్క కోసం ఒక ఊహా కేంద్రాన్ని తీసుకుందాం. వంద మంది ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పదిమందికి ఫోలికల్స్ సరిగా ఎదగక సైకిల్ ఆపేశారు. డెబ్బై మందికి పిండాన్ని గర్భాశయంలోకి ప్రవేశపెట్టగలిగారు. 35 మందికి గర్భ నిర్ధారణ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. 28 మందికి స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించింది. చివరికి 23 మంది బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లారు. ఈ కేంద్రం ‘మా విజయం 50 శాతం’ అన్నా తప్పు లేదు, ఎందుకంటే 70లో 35 సగమే. మీకు కావలసినది మాత్రం వందకు 23.

అందువల్ల శాతం వినగానే మూడు విషయాలు అడగాలి: లెక్క ఎవరితో మొదలైంది, ఎక్కడ ఆగింది, అందులో దాత అండాలతో చేసినవి ఉన్నాయా? మూడోది ముఖ్యం. మన దేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం అండదాత వయసు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. యువతుల అండాలు కావడం వల్ల ఆ ఫలితాలు సహజంగానే మెరుగ్గా ఉంటాయి. వాటిని కలిపి చెప్పిన సగటు, సొంత అండాలతో ప్రయత్నించే 41 ఏళ్ల స్త్రీకి ఏమీ చెప్పదు. బ్రిటన్ నియంత్రణ సంస్థ గణాంకాలలో, సొంత అండాలతో ఒక్కో పిండానికి బిడ్డ పుట్టే అవకాశం 35 ఏళ్లలోపు వారికి సుమారు మూడింట ఒక వంతు ఉండగా, 43, 44 ఏళ్ల వయసుకు ఇరవైలో ఒకటి దగ్గరకు దిగిపోతుంది. అదే చట్టం చికిత్స తీసుకునే స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల వయోపరిమితి విధించింది. కేంద్రం తప్పనిసరిగా జాతీయ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం చూపించమనడానికి మొహమాటం వద్దు.

అండాశయంలోకి పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ద్రవం) ఎక్కించడం, డీహెచ్ఈఏ అనే హార్మోన్ మాత్రలు వంటి అదనపు చికిత్సలు సూచించినప్పుడు, ఐరోపా పునరుత్పత్తి వైద్య సంఘం వీటిని సాధారణ చికిత్సగా సిఫారసు చేయలేదన్న సంగతి గుర్తుంచుకుని, ‘దీనివల్ల బిడ్డలు పుట్టడం పెరిగిందని చూపిన పరీక్ష ఏది?’ అని అడగండి.

మొదటి సైకిల్ పూర్తయ్యాక, ఫలితం ఏదైనా, ఏఎంహెచ్ కంటే విలువైన సమాచారం మీ ఫైలులో ఉంటుంది: ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని రోజులు ఇచ్చారు, ఎన్ని అండాలు తీశారు, వాటిలో పక్వమైనవి ఎన్ని, ఫలదీకరణ చెందినవి ఎన్ని, ఐదో రోజు దాకా ఎదిగినవి ఎన్ని, ఫ్రీజ్ చేసినవి ఎన్ని. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు ఏ డాక్టరైనా మొదట అడిగేవి ఇవే. డిశ్చార్జి రోజునే సంతకంతో సహా వీటి నకలు తీసుకోండి. నెలలు గడిచాక అడిగితే దొరకడం కష్టం.