నాటి, నేటి క్వార్టర్‌బ్యాక్‌లను పోల్చడం ఎలా? టెక్సస్ లాంగ్‌హార్న్స్ ఉదాహరణతో

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు ఇళ్ళలో సెప్టెంబర్ వచ్చిందంటే శనివారాల లెక్క మారిపోతుంది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ ఇటుక ఛాయ నారింజ రంగు టీషర్టులు వేసుకుని, అమెరికన్ ఫుట్‌బాల్ చూడ్డానికి టీవీ ముందు కూర్చుంటారు. మా ఇంట్లోనూ అంతే. మా అబ్బాయికి 2025 క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ అంటే ప్రాణం. మ్యాచ్ చూడ్డానికి వచ్చే పక్కింటి పెద్దాయనకు 1969 నాటి జేమ్స్ స్ట్రీట్ తర్వాతే ఎవరైనా. నాకేమో 2005 నాటి విన్స్ యంగ్. ముగ్గురం ఒక గదిలో ఉంటే వాదన తెగదు. ఈ వాదన కొంచెం పద్ధతిగా జరిగితే ఆట ఇంకా బాగా అర్థమవుతుందని నాకు అనుభవంలో తెలిసింది. నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ టెక్సస్ యూనివర్సిటీ జట్టువే. మీ అభిమాన జట్టు వేరైతే పేర్లు మార్చుకోండి, పద్ధతి మారదు.

ఆట కొత్తవాళ్ళకు ఒక్క మాట. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది యార్డులు ముందుకు పోవాలి. ప్రతి అవకాశాన్నీ డౌన్ అంటారు. దాదాపు ప్రతి డౌన్‌లో బంతి ముందుగా వచ్చేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. విసరాలా, పక్కవాడికి ఇవ్వాలా, తానే పరిగెత్తాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"ఎవరు గొప్ప?" అని మొదలుపెడితే ఎక్కడికీ చేరం. ఇందులో కనీసం మూడు ప్రశ్నలున్నాయి. ఒక్క సీజన్‌లో ఎవరు బాగా ఆడారు? కాలేజీలో ఉన్నన్నాళ్ళూ కలిపి ఎవరు ఎక్కువ సాధించారు? ఒకే ఒక్క మ్యాచ్ గెలవాలంటే ఎవరిని దింపుతారు? మొత్తం కెరీర్ అంటే కోల్ట్ మెకాయ్‌ని దాటడం కష్టం. 2006 నుంచి 2009 దాకా నాలుగేళ్ళూ అతనే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే క్వార్టర్‌బ్యాక్), 45 విజయాలు. అప్పటికి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ క్వార్టర్‌బ్యాక్‌కూ అన్ని గెలుపులు లేవు. ఒక్క మ్యాచ్ అంటే మాత్రం విన్స్ యంగ్‌ని పక్కన పెట్టడం నావల్ల కాదు. ప్రశ్న మారితే జవాబు మారుతుంది కాబట్టి దాన్ని కాగితం మీద పైన రాసి పెట్టుకోండి. వాదన పక్కదారి పడితే మళ్ళీ అక్కడికే రండి.

2. కాలం తేడా సరిచూసుకోండి

గవాస్కర్ స్ట్రైక్ రేటును ఇప్పటి టీ20 బ్యాటర్ స్ట్రైక్ రేటు పక్కన పెట్టి చూస్తే ఎంత అన్యాయమో, జేమ్స్ స్ట్రీట్ పాస్ యార్డులను (విసిరిన బంతితో జట్టు ముందుకు పోయిన దూరాన్ని) 2024 క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ యార్డుల పక్కన పెడితే అంతే అన్యాయం.

స్ట్రీట్ ఆడింది 1968, 69లలో. కోచ్ డారెల్ రాయల్. అప్పుడు టెక్సస్ ఆడింది విష్‌బోన్ పద్ధతి. క్వార్టర్‌బ్యాక్ వెనుక, బంతి పట్టుకుని పరిగెత్తే ముగ్గురు రన్నింగ్ బ్యాక్‌లు నిలబడతారు, ప్రధానంగా పరుగులే, పాస్ అరుదు. ఎదురుగా వచ్చే డిఫెండర్ కదలికను బట్టి బంతి ఇవ్వాలా, ఉంచుకోవాలా, పక్కకు వేయాలా అని పరిగెడుతూనే నిర్ణయించుకోవడం అతని అసలు పని. ఆ పని ఎంత బాగా చేశాడో పాస్ యార్డుల గడిలో కనబడదు. అతను స్టార్టర్‌గా దిగిన 20 మ్యాచ్‌లలో టెక్సస్ 20 గెలిచింది.

రూల్స్ తేడా కూడా చూడాలి. 1972కు ముందు మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. అంటే స్ట్రీట్ కాలపు ఆటగాడికి ఉన్నవి మూడు సీజన్లే. మ్యాచ్‌ల సంఖ్యా పెరిగింది: 1969లో టెక్సస్ బౌల్ గేమ్‌తో (సీజన్ చివర ఆడే ప్రత్యేక మ్యాచ్‌తో) కలిపి 11 ఆడితే, 12 జట్ల నాకౌట్ ప్లేఆఫ్ వచ్చిన 2024లో 16 ఆడింది. ఇంకొకటి చాలామందికి తెలియదు. 2002కు ముందు బౌల్ గేమ్‌లో చేసిన యార్డులను కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ సీజన్ లెక్కలో కలిపేది కాదు. అందుకే పాతవాళ్ళ మొత్తాలను ఇప్పటివాళ్ళ మొత్తాలతో నేరుగా పోల్చకండి. మ్యాచ్‌కు ఎంత, విసిరిన పాస్‌కు ఎంత అని విడగొట్టి చూడండి.

3. అంకెలు మీరే వేయండి

పాసర్ రేటింగ్ అని వెబ్‌సైట్లలో ఒక అంకె కనబడుతుంది. దాన్ని అలాగే తీసుకోకుండా ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి. పాస్ యార్డులను 8.4తో, టచ్‌డౌన్ పాస్‌లను (గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చినవి) 330తో, పూర్తయిన పాస్‌లను (తనవాళ్ళు పట్టినవి) 100తో హెచ్చించి కలపాలి. ఇంటర్సెప్షన్లను (ఎదుటివాళ్ళు పట్టేసినవి) 200తో హెచ్చించి అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మొత్తం విసిరిన పాస్‌లతో భాగించాలి.

విన్స్ యంగ్ 2005: 325 పాస్‌లలో 212 పూర్తి, 3,036 యార్డులు, 26 టచ్‌డౌన్లు, 10 ఇంటర్సెప్షన్లు. యార్డులకు 25,502, టచ్‌డౌన్లకు 8,580, పూర్తయిన పాస్‌లకు 21,200. మొత్తం 55,282. ఇంటర్సెప్షన్లకు 2,000 పోతే 53,282. దాన్ని 325తో భాగిస్తే 163.9.

ఇదే లెక్కలో మెకాయ్ 2008 సీజన్‌కు 173.8 వస్తుంది. 433లో 332 పూర్తి, అంటే 76.7 శాతం. విసిరిన ప్రతి నాలుగులో మూడుకు పైగా తనవాళ్ళ చేతిలోనే పడ్డాయి. యూవర్స్ 2024లో 445కు 293, 31 టచ్‌డౌన్లు, 12 ఇంటర్సెప్షన్లు. రేటింగ్ 149 దగ్గర ఆగుతుంది.

ఈ ఫార్ములా 1979లో వచ్చింది. 1965 నుంచి 1978 వరకు ఆడినవాళ్ళ సగటు 100 వచ్చేలా అందులోని అంకెలు కూర్చారు. అంటే స్ట్రీట్ కాలంలో 100 అంటే మామూలు ఆట. ఇప్పుడు 100 వస్తే ఆ కుర్రాడు బెంచీ మీదికి వెళ్ళినట్టే. ఒక్కో కాలంలో సగటు ఎంతుందో చూసి, దానికి ఇతను ఎంత పైన ఉన్నాడో చూడడం న్యాయం.

చేత్తో లెక్క వేస్తున్నప్పుడే ఈ రేటింగ్‌లో పరుగు లేదన్న సంగతి మీ కంటపడుతుంది. 2005లో యంగ్ పరిగెత్తి తెచ్చిన 1,050 యార్డులు, 12 టచ్‌డౌన్లు ఆ 163.9లో ఎక్కడా లేవు. ఒకే సీజన్‌లో 3,000 యార్డులు విసిరి, 1,000 యార్డులు పరిగెత్తిన మొదటి క్వార్టర్‌బ్యాక్ అతనే. పైగా కాలేజీ లెక్కలో క్వార్టర్‌బ్యాక్‌ని వెనక్కి పడగొడితే, అంటే శాక్ చేస్తే, పోయిన యార్డులు పాస్ లెక్కలోంచి కాకుండా అతని పరుగు లెక్కలోంచి తీసేస్తారు. యంగ్ 1,050 ఆ కోత పోగా మిగిలినవి. యూవర్స్‌లా నిలబడి విసిరేవాడి పరుగు లెక్క సున్నాకు దిగువకు పోవడానికి కారణం కూడా ఇదే. అది చూసి "కాలు కదపలేడు" అనుకోకండి.

4. పక్కన ఎవరున్నారో రాసుకోండి

ఇది చిన్న పనే, కానీ తప్పకుండా చేయండి. 2005లో టెక్సస్ జట్టు మొత్తం 652 పాయింట్లు చేసింది. యంగ్ ఒక్కడే చేయలేదు, పక్కన జమాల్ చార్లెస్ లాంటి రన్నర్ ఉన్నాడు. 2008లో మెకాయ్‌కి జోర్డన్ షిప్లీ, క్వాన్ కాస్బీ లాంటి రిసీవర్లు (పాస్‌లు పట్టేవాళ్ళు) ఉన్నారు కానీ జట్టులో అందరికంటే ఎక్కువ పరుగు యార్డులు తెచ్చింది క్వార్టర్‌బ్యాకే. ఆ మాటకు రెండు వైపులా అర్థం ఉంది: అతని సత్తా ఒకటి, రన్నింగ్ బ్యాక్‌ల కొరత ఇంకొకటి. యూవర్స్‌కి 2024లో ఎడమ పక్కన కాపు కాసింది ముందు వరస ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ గెలిచిన కెల్విన్ బ్యాంక్స్. ఇవన్నీ పక్కన రాసుకున్నాక అంకెలు మళ్ళీ చదవండి, వేరేగా కనబడతాయి.

గాయాలు కూడా ఈ గడిలోనే రాయండి. 2009 సీజన్ ఫైనల్ అలబామాతో 2010 జనవరి 7న జరిగింది. ఆట మొదలైన కాసేపటికే మెకాయ్ కుడి భుజానికి దెబ్బ తగిలింది, విసిరే చెయ్యి మొద్దుబారిపోయింది. మళ్ళీ మైదానంలోకి రాలేదు. టెక్సస్ 37-21 తేడాతో ఓడింది. "మెకాయ్ ఫైనల్ గెలవలేదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అతను ఆ ఫైనల్ పూర్తిగా ఆడనే లేదు.

5. ఒకే చోట, ఒకే ఇబ్బందిలో ఇద్దరినీ నిలబెట్టండి

నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇది. సీజన్ మొత్తం అంకెల్లో దొరకనిది ఒక్క ప్లేలో దొరుకుతుంది. నాలుగో డౌన్, గోల్ దగ్గర, ఓడిపోతే ఇంటికే. అలాంటి ప్లేలు ఇద్దరివీ వెతికి, వీడియో పక్కపక్కన పెట్టి చూడండి.

టెక్సస్ చరిత్రలో ఇందుకు తగిన జత ఒకటుంది. 2006 జనవరి 4, రోజ్ బౌల్, 2005 సీజన్ ఫైనల్. ఎదుటి జట్టు యూఎస్‌సీ 38-33తో ముందుంది. నాలుగో డౌన్, ఐదు యార్డులు కావాలి, బంతి 8 యార్డుల గీత దగ్గర, అంటే గోల్‌కు 8 యార్డుల దూరంలో. యంగ్ బంతి అందుకుని విసరడానికి చూశాడు, దారి లేదు. కుడివైపు కదిలాడు. కంగారు లేదు, పెద్ద పెద్ద అంగలతో మూలనున్న పైలాన్ (గోల్ గీత చివరి గుర్తు) దాకా ఎవరి చెయ్యీ తగలకుండా వెళ్ళిపోయాడు. గడియారంలో 19 సెకన్లు మిగిలాయి. టచ్‌డౌన్ తర్వాత దొరికే రెండు అదనపు పాయింట్ల ప్రయత్నంలోనూ తానే పరిగెత్తి 41-38 చేశాడు. ఆ రాత్రి 40 పాస్‌లలో 30 పూర్తి, 267 యార్డులు. పరుగులో సరిగ్గా 200.

19 ఏళ్ళ తర్వాత, 2025 జనవరి 10, ఆర్లింగ్టన్‌లో కాటన్ బౌల్. ప్లేఆఫ్ సెమీఫైనల్. ఓహాయో స్టేట్ 21-14తో ముందుంది. ఇక్కడా నాలుగో డౌన్, ఇక్కడా 8 యార్డుల గీత. యూవర్స్ వెనక్కి తగ్గి విసరబోయేలోపు ఎదుటి డిఫెండర్ జాక్ సాయర్ మీద పడి బంతి ఊడగొట్టి, దాన్ని పట్టుకుని 83 యార్డులు పరిగెత్తాడు. 28-14. అక్కడితో సీజన్ అయిపోయింది. సాయర్, యూవర్స్ 2021లో ఓహాయో స్టేట్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు.

ఇక్కడే ఆపి "యంగ్ గెలిచాడు, యూవర్స్ ఓడాడు" అంటే పోలిక సగమే. యూవర్స్ మ్యాచ్‌లో మూడు ప్లేలు వెనక్కి వెళ్ళండి. టెక్సస్‌కి మొదటి డౌన్ గోల్‌కు ఒకే ఒక్క యార్డు దూరంలో దొరికింది. మొదటి పరుగు ఆగిపోయింది. రెండోసారి బంతిని పక్కకు వేసి పరిగెత్తించబోతే ఏడు యార్డులు వెనక్కి పోయింది. మూడో డౌన్ పాస్ పూర్తి కాలేదు. యూవర్స్ ఆ 8 యార్డుల గీత దగ్గరికి చేరింది కోచ్ పిలిచిన ప్లే వల్ల. యంగ్ మాత్రం మైదానం మధ్య నుంచి జట్టును తానే నడిపించుకుంటూ ఆ గీత దాకా వచ్చాడు. యంగ్‌కి దారి మూసుకుపోతే కాళ్ళున్నాయి, యూవర్స్‌కి ఆ రెండో దారి లేదు. ఈ తేడా నిజమే, నేను కాదనను. కానీ ఓటమి మొత్తం ఆ ఒక్క కుర్రాడి నెత్తిన వేయడం నాకు సబబుగా అనిపించదు.

మా పెద్దాయన దగ్గరా ఇలాంటి ప్లే ఉంది. 1969 డిసెంబర్ 6, ఫయెట్‌విల్, ఆర్కాన్సాస్‌తో. నాలుగో క్వార్టర్, టెక్సస్ 14-8తో వెనకబడి ఉంది. నాలుగో డౌన్, మూడు యార్డులు కావాలి, ఉన్నది తమ సగంలోనే. అందరూ పరుగే అనుకున్నారు. అంతగా పాస్ వేయని జట్టు తరఫున స్ట్రీట్ దూరంగా విసిరాడు. ఇద్దరు డిఫెండర్ల మధ్య రాండీ పెషెల్ పట్టాడు, 44 యార్డులు. ఆ మ్యాచ్ 15-14తో టెక్సస్‌ది. ఆ పాస్ గురించి చెప్పేటప్పుడు పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి బంతి పట్టినట్టు చూపిస్తారు, ప్రతిసారీ.

6. ఇప్పుడు ఆడుతున్నవాణ్ణి అదే వయసు దగ్గర పోల్చండి

ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. ఆర్చ్ మ్యానింగ్‌ని 2005 విన్స్ యంగ్ పక్కన పెడతారు. ఇంటిపేరు బరువు ఉండనే ఉంది: తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లే. 2025 ఆగస్టు 30న ఓహాయో స్టేట్ మీద 14-7తో ఓడి, 30 పాస్‌లలో 17 మాత్రమే పూర్తి చేసేసరికి "ఇంతేనా?" అన్నారు. మా అబ్బాయి ఆ సాయంత్రం అన్నం సరిగా తినలేదు.

నేను వాడికి 2004 చూపించాను. 2025 ఆర్చ్‌కి క్యాంపస్‌లో మూడో ఏడు. విన్స్ యంగ్‌కి మూడో ఏడు 2004. ఆ అక్టోబర్‌లో ఓక్లహోమాతో ఆడిన మ్యాచ్‌లో టెక్సస్ 12-0తో ఓడింది, ఒక్క పాయింట్ కూడా రాలేదు. ఆ సీజన్ మొత్తానికి యంగ్ టచ్‌డౌన్ పాస్‌లు 12, ఇంటర్సెప్షన్లు 11. తర్వాతి సీజన్ చివరికి వచ్చేసరికి టెక్సస్ వరసగా 20 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఇది ఆర్చ్ కూడా అలాగే అవుతాడని చెప్పే లెక్క కాదు. పక్కన పెట్టాల్సిన సంవత్సరం ఏదో చెప్పే లెక్క.

కాగితం మీద అడ్డంగా మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు, నాలుగో ఏడు అని గడులు గీయండి. నిలువుగా పేర్లు రాయండి. ఎవరి కాలేజీ సంవత్సరాన్ని బట్టి వాళ్ళ అంకెలు ఆ గడిలో వేయండి. ఇంకా ఆడుతున్నవాడి వరసలో మిగిలిన గడులు ఖాళీగానే ఉంటాయి. మా ఫ్రిజ్ తలుపు మీద అతికించిన కాగితంలో మా అబ్బాయి ఆ ఖాళీ గడిలో పెన్సిల్‌తో అంకెలు వేస్తాడు. పెద్దాయన వచ్చినప్పుడు చెరిపేసి తనవి వేస్తారు.