ఫ్యామిలీ గ్రూపు మెసేజీలతో పుస్తకం కుట్టుకోవడం ఎట్లా

హైదరాబాద్‌లో ఉండి రైల్లో వరంగల్ వచ్చిపోయే పిల్లలున్న ఇంట్లో ఫోన్ నిండా ఒకటే ముచ్చట ఉంటుంది. ఏడికొచ్చినవ్, భువనగిరి దాటిన, తిన్నవా, నాయిన స్టేషన్ కాడికి వస్తున్నడు. ఈ మాటలతోనే చక్కటి ఆర్టిస్ట్ బుక్, అంటే పుస్తకమే ఒక కళాకృతిగా ఉండేది, తయారవుతుంది. కొత్తగా ఒక్క ముక్క రాయనక్కర్లేదు, ఏరుకోవడం, పేజీ మీద పేర్చడం, కుట్టడం, ఇంతే పని.

ముందు గ్రూపులో వాళ్లందరినీ అడగండి, వద్దన్నవాళ్ల మాటలు వదిలేయండి. తర్వాత వాట్సాప్‌లో చాట్ తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, మీడియా లేకుండా అని ఎంచుకుంటే, తేదీ, టైము, పేరు, మాట వరుసగా ఉన్న టెక్స్ట్ ఫైల్ వస్తుంది. అందులో ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ, ఘన్‌పూర్, కాజీపేట అని ఒక్కో స్టేషన్ పేరుతో వెతకండి. మనోళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కొడతారు కాబట్టి అట్లా, తప్పు స్పెల్లింగులతో కూడా వెతకాలి. ఫోన్ నంబర్లు తీసేసి, పేర్ల చోట అమ్మ, అన్న, చిన్నమ్మ అని పెట్టండి. అంతకుమించి ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు. 'సద్దుల బతుకమ్మకన్న అందుతవా లేదా' అన్న మాటకు కామా పెట్టి, 'అందుతావా' అని సవరిస్తే ఆ మనిషి గొంతు పోతుంది, ఇక పుస్తకం చేసి లాభం లేదు.

తేదీల వరుసలో పెట్టకండి, డైరీలా అయిపోతుంది. ఒక్కో స్టేషన్‌కు ఒక్కో పేజీ ఇవ్వండి. అప్పుడు ఐదేళ్ల కిందటి దసరా మాట, మొన్నటి సంక్రాంతి మాట జనగామ పేజీలో పక్కపక్కన పడతాయి, అడిగే తీరు ఎంత మారిందో, ఏమాత్రం మారలేదో అక్కడే కనిపిస్తుంది. కాజీపేటకు మాత్రం రెండు పేజీలు కావాలి, ఎందుకంటే బల్లార్షా వైపు పోయే బండ్లు అక్కడి నుంచే మళ్లిపోతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు, అందుకే 'కాజీపేటలనే దిగు, నిద్రపోకు' లాంటివి బోలెడు దొరుకుతాయి. ఫొటో పంపిన చోట ఫైల్‌లో 'మీడియా ఒమిటెడ్' అని పడుతుంది, దాన్నీ అట్లనే అచ్చేయండి, కింద ఫొటో పట్టేంత ఖాళీ వదలండి. రైలు బొమ్మలు, పట్టాల డిజైన్లు మాత్రం వద్దే వద్దు.

లిబ్రేఆఫీస్‌లో ఏ5 పేజీ పెట్టుకుని మండలి ఫాంట్ వాడితే బాగుంటుంది. వరుసల మధ్య ఎడం ఒకటిన్నర ఉంచండి, లేకుంటే ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. డీటీపీ సెంటర్‌కు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. వాట్సాప్ తెలుగు యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే అక్షరాల పద్ధతిలో ఉంటుంది, దాన్ని తెచ్చి నేరుగా అను ఫాంట్లలో (డీటీపీ సెంటర్లలో వాడే వేరే పద్ధతి ఫాంట్లు) పెడితే అక్షరాలు పాడైపోతాయి. ప్రింట్‌లో బుక్‌లెట్ ఆప్షన్, రెండు వైపులా. 16 పేజీలకు నాలుగు ఏ4 కాగితాలు సరిపోతాయి. కాగితానికి ఒకే వైపున్న రెండు పేజీల నంబర్లు కూడితే 17 రావాలి, రాకపోతే వరుస తప్పినట్టే.

అట్టకు శుభలేఖల షాపులో మిగిలిన మందపాటి కార్డు అడిగి చూడండి. అన్నీ కలిపి మధ్యకు మడిచి, మడతను చెంచా వెనుక వైపుతో గట్టిగా రుద్ది, దబ్బనంతో మడత మీద మూడు రంధ్రాలు పెట్టండి. నూలు దారానికి కొవ్వొత్తి రుద్దితే చిక్కు పడదు. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి, అక్కడి నుంచి మధ్యది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి. రెండు కొసలూ లోపలి పొడవు దారానికి చెరోవైపు ఉండేలా చూసి బిగించి ముడి వేయండి. లోపలి కాగితాలు కొద్దిగా బయటికి పొడుచుకొస్తాయి, కుట్టిన తర్వాతే స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో అంచు కోయండి.